వీధి గుమ్మం కెమెరాకు యజమాని ఎవరు?

ద్రాక్షారామంలో సప్తగోదావరి గుండం దాటి ఏ వీధిలోకి మళ్లినా ఇప్పుడు పెంకుటిళ్ల చూరు కింద, డాబాల పిట్టగోడల మీద చేతిలో ఇమిడేంత తెల్ల కెమెరాలు కనిపిస్తున్నాయి. గోదావరి జిల్లాల్లో ఒక్కో కుటుంబం రెండు మూడు దేశాల్లో బతుకుతోంది. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడ డెబ్బై దాటిన తల్లిదండ్రులు ఇద్దరే. మరో ఇంట్లో తల్లి కువైట్‌కి పనికి వెళ్లింది, బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. నాన్న వేళకి మందులు వేసుకున్నాడా, అమ్మ నూతి దగ్గర జారిపడలేదు కదా, చీకటి పడ్డాక వీధి తలుపు వేశారా అని అంత దూరాన ఉన్నవాళ్లు పడే బెంగ నిజమైనది. రెండు మూడు వేల రూపాయల కెమెరా ఆ బెంగను కొంత తీరుస్తోంది. అందుకే కెమెరా వద్దని నేను అనను. అయితే ఆ కెమెరాకు అసలు యజమాని ఎవరన్నది చాలా ఇళ్లలో ఎవరూ అడగడం లేదు. అడిగి చూస్తే చాలా చోట్ల తేలేది ఒకటే. యజమాని దాన్ని బిగించిన కుర్రాడు.

ఇదెలా జరుగుతుందో కెమెరా పెట్టే తీరు చూస్తే తెలుస్తుంది. కుర్రాడు నిచ్చెనెక్కి గోడకు రెండు స్క్రూలు బిగిస్తాడు. దిగి వచ్చి, "యాప్‌లో అకౌంట్ తెరవాలండి, మీ మెయిల్ ఐడీ చెప్పండి" అంటాడు. "అయ్యన్నీ మాకేం తెలుస్తాయి బాబూ, నువ్వే ఏదోటి చేసి పెట్టు" అంటారు పెద్దాయన. కుర్రాడు తన నంబరుతోనే అకౌంట్ తెరుస్తాడు. కెమెరా అడుగునున్న క్యూఆర్ స్టిక్కర్‌ని తన ఫోన్‌తోనే స్కాన్ చేస్తాడు. వైఫై పాస్‌వర్డ్ అడగనక్కర్లేదు, చాలా ఇళ్లలో అది ఆ ఇంటి సెల్ నంబరే. చివర్లో అమెరికాలో ఉన్న అబ్బాయి నంబరుకు కెమెరాను ‘షేర్’ చేస్తాడు. కాసేపటికి డాలస్ నుంచి వీడియో కాల్ వస్తుంది, ఇల్లు చక్కగా కనిపిస్తోందని అందరూ సంతోషిస్తారు. కానీ ఆ యాప్ లెక్కలో కొడుకు చూడటానికి అనుమతి పొందినవాడు, అంతే. ఎవరికి చూపించాలో, ఎవరిని తీసేయాలో, రికార్డింగు ఉంచాలో చెరపాలో నిర్ణయించే అధికారం కుర్రాడి ఫోన్‌లో ఉండిపోయింది. కొత్త తాళం కొని, దాని అసలు చెవిని తాళాల కొట్టులోనే వదిలేసి ఇంటికి వచ్చే మనిషి ఉండడు. కెమెరా విషయంలో మాత్రం రోజూ చేస్తున్నది అదే.

ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. అయినా అతని ఫోన్ పోవచ్చు, పాత ఫోన్ అమ్మేయవచ్చు, కొట్టు మానేసి వేరే ఊరు పోవచ్చు. ఊళ్లో ఇళ్ల కెమెరాలెన్నో ఒక్క ఫోన్‌లో పోగుపడి ఉంటే, ఆ ఫోన్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లకు ఏ ఇంట్లో ఎవరు లేరో, ఏ ముసలమ్మ ఒంటరిగా పడుకుందో తెలిసిపోతుంది. ఇంటి భద్రత కోసం కొన్న వస్తువు దొంగకు ఉపయోగపడేది ఇలాగే. చాలామంది భయపడే హ్యాకర్ ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. అతని గురించీ చెబుతాను. కానీ మన ఊళ్లలో మొదట సరిచేయాల్సింది ఈ అకౌంటు సంగతి. దీనికి సాంకేతిక పరిజ్ఞానం కూడా పెద్దగా అక్కర్లేదు.

హ్యాకర్ సంగతికి వస్తే, 2025 ఫిబ్రవరిలో దేశం మొత్తం ఉలిక్కిపడింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీ కెమెరాల్లోని మహిళా రోగుల దృశ్యాలు యూట్యూబ్‌లో కనిపించాయి. అక్కడ చిన్న ముక్క చూపించి, మొత్తం దృశ్యాలను టెలిగ్రామ్‌లో డబ్బుకు అమ్మారు. పోలీసులు తవ్వుతూ పోతే ఒక్క ఆస్పత్రితో ఆగలేదు. వేర్వేరు రాష్ట్రాల్లోని బడులు, ఆఫీసులు, ఇళ్ల కెమెరాల్లోకి కూడా ఆ ముఠా చొరబడిందని తేలింది. ఆస్పత్రి కెమెరాల పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’ అని దర్యాప్తులో బయటపడింది. అంటే కంపెనీ పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచేశారన్నమాట. బిగించినవాడు మార్చలేదు, ఆస్పత్రి వాళ్లు అడగలేదు. దాని ఫలితాన్ని కాన్పు కోసం వచ్చిన ఆడవాళ్లు అనుభవించారు. పాస్‌వర్డ్ మార్చని వాళ్ల పరువు పోలేదు, కెమెరా ఉందనే గుర్తు కూడా లేకుండా మంచం మీద పడుకున్న వాళ్ల పరువు పోయింది. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ అన్యాయమే.

ఇలాంటి చొరబాటుకు గొప్ప తెలివితేటలు అవసరం లేదని ప్రపంచానికి 2016లోనే తెలిసింది. మిరాయ్ అనే ప్రోగ్రాంను అమెరికాలో కుర్రవాళ్లు రాశారు. కంపెనీలు మామూలుగా పెట్టే 60 పైచిలుకు పేరు, పాస్‌వర్డ్ జంటల జాబితా అందులో ఉంది. ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా, డీవీఆర్, రూటర్ మీద ఆ జాబితాను ప్రయోగించడమే దాని పని. తలుపు తెరుచుకున్న ప్రతి పరికరం దాని సైన్యంలో చేరిపోయింది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ సైన్యం వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డైన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. కెమెరాల యజమానులకు మాత్రం ఏమీ తెలియలేదు. వాళ్ల తెరల మీద గుమ్మం ఎప్పటిలాగే కనిపిస్తూ ఉంది.

మన దేశంలోనూ ఆ మరుసటి ఏడాది దెబ్బ తగిలింది. 2017 జూలై ఆఖరులో బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ వినియోగదారుల ఇళ్లలోని మోడెమ్‌ల మీద దాడి జరిగింది. పాస్‌వర్డ్ మార్చని మోడెమ్‌ల లోపలికి వెళ్లి వాటి సాఫ్ట్‌వేర్‌ను చెడగొట్టారు. సుమారు 60 వేల మోడెమ్‌లు మూగబోయాయి. పాస్‌వర్డ్‌లు మార్చుకోండని బీఎస్‌ఎన్‌ఎల్ ఆ తర్వాత వినియోగదారులకు చెప్పింది. మోడెమ్ ఇచ్చినవాళ్లు ఇచ్చేటప్పుడే చేయాల్సిన పనిని, అది పాడయ్యాక వాడేవాళ్ల నెత్తిన పెట్టడం అప్పుడూ సరికాదు, ఇప్పుడూ సరికాదు.

పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అంతా చక్కబడదు కూడా. రామచంద్రపురంలో కొన్నా రాజమండ్రిలో కొన్నా, చవక కెమెరాల పెట్టెల మీద పేర్లు వేరు కానీ లోపలి సరుకు తరచూ ఒక్కచోటిదే. 2021 ఆగస్టులో మాండియంట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఒక లోపం బయటపెట్టారు. తైవాన్‌కు చెందిన త్రూటెక్ తయారుచేసిన ‘కలే’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎన్నో కంపెనీలు తమ కెమెరాల్లో వాడుకుంటున్నాయి. కెమెరాకూ ఫోన్‌కూ మధ్య దారి కలిపేది అదే. దాని మీద నడిచే పరికరాలు అప్పటికే 8 కోట్ల 30 లక్షలు. ఆ దారిలోని లోపం వల్ల పరాయివాళ్లు చూడటం, వినడం సాధ్యమేనని తేలింది. దిద్దుబాటు వచ్చింది, కానీ అది అప్‌డేట్ రూపంలో గోడ మీది కెమెరాకు చేరాలి. పేరూ ఊరూ లేని కంపెనీ కెమెరాకు అప్‌డేట్ పంపేవాళ్లు ఎవరు? కొనేటప్పుడు ధర, రాత్రిపూట రంగుల్లో కనిపిస్తుందా అన్నవే అడుగుతాం. ఈ కంపెనీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తుందని అడిగే అలవాటు ఇంకా రాలేదు.

పెద్ద పేరున్న కంపెనీ అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. అమెజాన్‌కు చెందిన రింగ్ కెమెరాల ఉద్యోగి ఒకడు మహిళల పడకగదుల్లోని వేల వీడియోలు చూశాడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించి, ఆ సంస్థ చేత 58 లక్షల డాలర్లు కట్టించింది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కెమెరా కంపెనీ సర్వర్లు ఆగి మళ్లీ పనిచేయడం మొదలుపెట్టిన వేళ సుమారు 13 వేల మందికి తమ ఫోన్లలో వేరేవాళ్ల ఇళ్ల దృశ్యాలు కనిపించాయి. అక్కడ చొరబడినవాడంటూ ఎవరూ లేడు. మన ఇంటి బొమ్మ మన ఇంట్లో కాకుండా వేరొకరి కంప్యూటర్‌లో ఉన్నంతకాలం ఆ కంప్యూటర్ పొరపాట్లన్నీ మనవే అవుతాయి. మాట విని పాటలు పాడే స్పీకర్ల విషయమూ అంతే. అలెక్సా వినే మాటల్లో కొన్నిటిని మనుషులు విని రాసుకుంటారని, ఆ పని చేసేవాళ్లలో మన దేశంలో కూర్చున్నవాళ్లూ ఉన్నారని 2019లో బ్లూంబర్గ్ వార్త బయటపెట్టింది.

గోదావరి డెల్టాకు ఈ ఇంటర్నెట్ ఎలా వచ్చిందో గుర్తు చేసుకుంటే బాధ్యత ఎవరిదో కొంత స్పష్టమవుతుంది. రాజోలు దీవిలోని మోరి గ్రామానికి 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి స్మార్ట్ గ్రామంగా ప్రకటించారు. మరుసటి ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రానికి అంకితం చేశారు. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ ఒకే పెట్టెలో వచ్చాయి. ఊరి కేబుల్ ఆపరేటర్ ఇంటర్నెట్ ఇచ్చేవాడయ్యాడు. నా దృష్టిలో అది మంచి పనే. పట్నం మొహం చూడని ఇళ్లకు తక్కువ ఖర్చుతో తీగ చేరింది. కానీ తీగతో పాటు చేరాల్సిన జాగ్రత్త చేరలేదు. ప్రభుత్వ సంస్థ తన పెట్టెను ఇంట్లో పెట్టించినప్పుడు, ఆ పెట్టెకు ఆ ఇంటికి మాత్రమే చెందిన పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వడం, ఇంటివాళ్ల ముందే దాన్ని మార్పించడం ఆపరేటర్ పనిలో భాగం కావాలి.

ప్రభుత్వం ఇంటి లోపలికి వచ్చేది ఇంటర్నెట్ పెట్టెతోనే కాదు. రాష్ట్ర పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. తాళం వేసి ఊరెళ్లే కుటుంబం యాప్‌లో అడిగితే, పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. ఎవరైనా లోపలికి వస్తే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక వెళుతుంది. డబ్బు తీసుకోరు. కార్తీకమాసంలో ఒక్కరోజులో పంచారామాలు చుట్టివచ్చే బస్సులెక్కే కుటుంబాలకు, పిల్లల దగ్గరకు ఆర్నెల్లు అమెరికా వెళ్లే దంపతులకు ఇది ఎంతో ఉపకారం. ఈ సేవ ఇంకా ఎక్కువమంది వాడుకోవాలి. అలా వాడుకోవాలంటే ఆ చిత్రాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లుంచుతారు, కుటుంబం తిరిగి వచ్చాక ఎప్పుడు చెరిపేస్తారు అన్నది ఆ యాప్‌లో అడిగే చోటే తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసి ఉండాలి. పోలీసుల దగ్గరున్నంత మాత్రాన సమాచారం భద్రమని చెప్పలేం. తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్‌లోని పౌరుల వివరాలను 2024లో ఒక విద్యార్థి దొంగిలించి అమ్మకానికి పెట్టాడు.

స్మార్ట్ మీటర్ల గురించి ఒక్క మాట. ఈ జిల్లాల్లో కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ సహా రాష్ట్రంలోని డిస్కంలు వాటిని బిగించడం మొదలుపెట్టాక జనంలో చెలరేగిన ఆందోళన అంతా బిల్లు గురించే. కానీ ఆ మీటర్లో కొద్దికొద్ది సేపటికి నమోదయ్యే వాడకం చూస్తే ఇంట్లో ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు ఎవరూ ఉండరు అన్నదీ తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో 2009లో ఎగువ సభ ఈ కారణంతోనే మీటర్లను తప్పనిసరి చేసే బిల్లును ఆపింది. మన దగ్గర ఆ చర్చ మొదలే కాలేదు.

కెమెరాలోకి బయటివాడు రావడం ఒక సమస్య. కెమెరా ముందు నిలబడే మనిషిని ఎవరూ అడగకపోవడం ఇంకో సమస్య. మన ఇళ్లలో దీని గురించి మాట్లాడటానికే మొహమాటపడతాం. పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దావిడకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చే ఆయా ఉంటుంది. ఆ గదిలో కెమెరా ఉంటుంది. ఆయా అశ్రద్ధ చేస్తుందేమోనని పిల్లల అనుమానం. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. కానీ బట్టలు మార్చే సమయంలో ఆ పెద్దావిడ ఒళ్లు కొడుకు, కోడలు, అల్లుడి ఫోన్లలోనూ, కెమెరా బిగించిన కుర్రాడి ఫోన్‌లోనూ కనిపిస్తోంది. ఆవిడను ఎవరైనా అడిగారా? జీవితమంతా చెంగు జారకుండా బతికిన మనిషికి ఆఖరి రోజుల్లో ఇలా జరగకూడదు. ఆ గదిలో కెమెరా తప్పదనుకుంటే తలుపు వైపు తిప్పి పెట్టవచ్చు, స్నానం వేళ మూతపెట్టే మోడల్ కొనవచ్చు. ఆయాకి కూడా కెమెరా ఉందని చెప్పి పనిలో పెట్టుకోవాలి.

ఒకే ఇంట్లో ఉండేవాళ్ల అంగీకారం గురించి న్యాయస్థానాలు మాట్లాడాయి. ఇంటి నివాస భాగంలో తోడుగా ఉండే వ్యక్తి ఒప్పుకోకుండా సీసీ కెమెరాలు నడపడం ఏకాంత హక్కుకు భంగమని కలకత్తా హైకోర్టు ఒక కుటుంబ వివాదంలో చెప్పింది. ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2025 మేలో నిరాకరించింది. ఏకాంతం ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాటే దీనికి మూలం. ఉమ్మడి గోడల మండువా ఇళ్లలో, అన్నదమ్ముల వాటాల మధ్య పెట్టే కెమెరాలకు ఇది నేరుగా వర్తించే తర్కం. పక్కింటి దొడ్డి, నూతి గట్టు, స్నానాల గది తలుపు పడేలా కెమెరా తిప్పి పెట్టి ‘మా రక్షణ కోసం’ అంటే చెల్లదు.

ఇక చట్టం సంగతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీల మీద బాధ్యత పెట్టింది. తగిన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల దాకా జరిమానా ఉంది. కానీ ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే ఆ బాధ్యతలు అమల్లోకి వచ్చాక కెమెరా కంపెనీని నిలదీయవచ్చు, మన గుమ్మంలోకి కెమెరా తిప్పిన పొరుగింటివాణ్ని ఈ చట్టం కింద నిలదీయలేం. అసభ్య దృశ్యాలు తీసేదాకా వస్తే ఐటీ చట్టంలోని 66ఈ, భారతీయ న్యాయ సంహితలోని 77 సెక్షన్లు ఉన్నాయి. కానీ అంతదాకా రాకముందే ఆపే మార్గం పల్లెటూరి మనిషికి అందుబాటులో లేదు. ఈ ఖాళీని చట్టసభ పూరించాలి.

వస్తువుల విషయంలో కొంత మేలు జరిగింది. కేంద్రం 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రయోగశాల పరీక్షలో నెగ్గని మోడల్‌ను కొత్తగా అమ్మకూడదు. ఇది సరైన అడుగు. అయితే ఇప్పటికే చూరు కింద వేలాడుతున్న కెమెరాను అది తాకదు. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, మాట వినే స్పీకర్లు దాని పరిధిలో లేవు. టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ 2021లో ఇలాంటి ఇంటి పరికరాలన్నిటికీ నియమావళి ఇచ్చింది. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉండకూడదన్నది అందులో మొదటి సూత్రం. అది పాటిస్తే పాటించవచ్చు, లేకపోతే లేదు. అదే సూత్రాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం చేసేసింది. అమెరికాలో కాలిఫోర్నియా 2020 నుంచే అమలు చేస్తోంది. అక్కడ చట్టవిరుద్ధమైన సరుకు ఇక్కడి అరల్లో ఉండటానికి కారణం ఏమీ కనిపించదు.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కుర్రాడు ఇంకా ఇంట్లో ఉండగానే కెమెరాను రీసెట్ బటన్ నొక్కి మొదటికి తెచ్చి, ఇంట్లోవాళ్ల నంబరుతో మళ్లీ అకౌంట్ తెరిపించాలి. డబ్బు ఆ తర్వాతే చేతిలో పెట్టాలి. ఇప్పటికే బిగించిన కెమెరాకూ ఇది చేయవచ్చు, పది నిమిషాల పని. డాలస్ కొడుకు ఈ ఒక్కటీ వీడియో కాల్‌లో దగ్గరుండి చేయిస్తే చాలు. వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు తీసేయాలి. రూటర్‌లో అతిథులకు వేరే వైఫై పెట్టుకునే వీలుంటే కెమెరాను, టీవీని అందులో కలిపి, బ్యాంకు పనులు చేసే ఫోన్‌ను వేరుగా ఉంచుకోవాలి. మెమరీ కార్డు వేయడం మరవకూడదు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ సేవలు నిలిచిపోయాయి. నెట్ లేని రోజున కంపెనీ సర్వర్ మీదే ఆధారపడ్డ కెమెరా రికార్డు చేయలేదు, ఆ రోజుల్లోనే దాని అవసరం ఎక్కువ. దృశ్యాలు బయటపడి బెదిరింపులు వస్తే ఎదుటివాడికి డబ్బు పంపకుండా 1930కి ఫోన్ చేయాలి.

కానీ ఈ భారమంతా డెబ్బై ఏళ్ల వాళ్ల మీద పెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. డేటా చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీల ముఖ్య బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. ఆ తర్వాత కొద్ది వారాలకే గోదావరి పుష్కరాలు. రాజమహేంద్రవరం నుంచి కోటిపల్లి, ద్రాక్షారామం దాకా జనం వస్తారు, ఇళ్లలో గదులు అద్దెకిస్తారు, హోమ్‌స్టేలు తెరుస్తారు, కొత్త కెమెరాలు వేల సంఖ్యలో బిగుస్తాయి. గది అద్దెకిచ్చేవాళ్లు గదిలో కెమెరా లేదని, వరండాలో ఉంటే ఎక్కడ ఉందని రాసి గోడకు పెట్టాలన్న షరతును పర్యాటక శాఖ, పంచాయతీలు ఇప్పుడే విధించవచ్చు. రామచంద్రపురం, మండపేట, రాజమహేంద్రవరంలో కెమెరాలు బిగించే వాళ్లను స్టేషన్ల వారీగా పిలిచి ఒక పూట శిక్షణ ఇవ్వవచ్చు. అకౌంటు ఇంటివాళ్ల పేరుకు మారిందని, పాత పాస్‌వర్డ్ తీసేశామని, తమ ఫోన్‌లో ఆ కెమెరా లేదని ఇద్దరూ సంతకం చేసే రశీదు పుస్తకం ఒకటి వాళ్ల చేతికివ్వవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా ఎస్పీ, కేబుల్ ఆపరేటర్ల సంఘం ఒకచోట కూర్చుంటే పుష్కరాల లోపే అయిపోతుంది.